సూటూ – సూదీ

"పెళ్లికొడుకు ఇతనే కాని, ఇతను తొడుక్కున్న చొక్కా మాత్రం నాది" అన్న పెద్దమనిషి కథ తెలియని తెలుగువాళ్లుండరు. వెనకటివాళ్లు నవ్వుకోడానికి చెప్పుకున్న ఆ మాట ఈనాడు అక్షరాలా నిజమై కూర్చుంది. పట్నాల్లో పెళ్లి సూట్లు అద్దెకిచ్చే దుకాణాలు వెలిశాయి. రిసెప్షనులో కుర్చీమీద ఠీవిగా కూర్చున్న పెళ్లికొడుకు ఒంటిమీది కోటు మర్నాడు ఇంకో పెళ్లికొడుకు భుజాలకెక్కుతుంది. పాపం, ఆ కోటుకి భుజాలన్నీ ఒకటే.

మా కాలేజీలో ఏటా వేసవికి ముందు కంపెనీలవాళ్లు వచ్చి కుర్రవాళ్లని పరీక్షించి ఉద్యోగాలిస్తూంటారు. ఆనాడు చూడాలి మా విద్యార్థుల అవస్థ! ఒకడి కోటు మోకాళ్లు దాటుతుంది, ఒకడి చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోతాయి. చెమటలు కక్కుతూ ఒక కుర్రవాడు నన్నడిగాడు: "సార్, ఇంత ఎండలో మనకీ శిక్ష ఎవరు వేశారండీ?"

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా ప్రశ్న మంచిది. జవాబు వెతుక్కుంటూ పోతే ఒక రాజుగారూ, ఒక సోగ్గాడూ, కొన్ని లక్షలమంది దర్జీలూ ఎదురయ్యారు. ఆ కథే పాఠకులకి మనవి చేస్తున్నాను.

రాజుగారి ప్రతిజ్ఞ

1666 సంవత్సరం లండను నగరానికి గడ్డు కాలం. అంతకు ముందటేడు మహామారి వేలమందిని పొట్టనబెట్టుకుంది. సెప్టెంబరులో మంటలు లేచి సగానికి సగం ఊరు బూడిదయింది. ఇంకా ఆ పొగ వాసన పోకముందే, అక్టోబరు 7వ తేదీన, రెండవ చార్లెసు రాజు కొలువుతీర్చి ఒక ప్రకటన చేశాడు. ఇకమీదట తాను కొత్త రకం దుస్తులు వేసుకుంటాననీ, ఆ పద్ధతి ఎన్నడూ మార్చననీ ఆయన ప్రతిజ్ఞ. మోకాళ్లదాకా దిగే పొడుగు వెస్టు, దానిమీద కోటు, కింద బిగువైన లాగు – ఇదీ ఆ వేషం. ఫ్రెంచివాళ్ల జరీ రిబ్బన్ల ఆడంబరానికి స్వస్తి చెప్పి, రాజాస్థానానికి పొదుపు నేర్పాలని ఉద్దేశం.

ఈ సంగతి మనకి చెప్పినవాడు శామ్యూల్ పెపీస్ అనే ఉద్యోగి. ఆయన రహస్యంగా రాసుకున్న డైరీలో ఇదంతా వుంది. బట్టల విషయంలో ఆయన మాట నమ్మదగ్గదే, ఎందుకంటే ఆయన తండ్రి దర్జీ. ఆ కాలంలోనే వున్న జాన్ ఈవ్లిన్ అనే మరో డైరీకారుడు ఈ కొత్త వేషాన్ని పారశీక పద్ధతి అని పేర్కొన్నాడు. చూశారా చిత్రం! మనం పడమటి దొరల సొత్తు అనుకునే మూడు ముక్కల సూటుకి మొదటి నమూనా తూర్పుదిక్కునుంచి వెళ్లిందన్నమాట.

ఫ్రాన్సు రాజు పధ్నాలుగవ లూయీ ఇది విని ఊరుకోలేదు. తన నౌకర్లందరికీ ఆ వెస్టులే తొడిగించి వెక్కిరించాడని లండనులో చెప్పుకున్నారు. రాజుగారి ప్రతిజ్ఞ నిలవలేదు గాని, కోటు, వెస్టు, లాగు అనే మూడింటి కలయిక మాత్రం నిలిచిపోయింది.

రంగులు వదిలిన మగవాడు

తర్వాత వందేళ్లపాటు యూరపులో మగవాళ్లే ఆడవాళ్లకంటె ఎక్కువ సింగారించుకున్నారు. పట్టుకోట్లు, జరీ పువ్వులు, పొడిజల్లిన సవరాలు, మోకాలిదాకా తెల్లటి మేజోళ్లు. దీనికి స్వస్తి చెప్పినవాడిగా జార్జి బ్రమ్మెల్ పేరు చెబుతారు. 1778లో పుట్టిన ఈయన గొప్ప వంశంవాడు కాడు. తర్వాత నాలుగవ జార్జి రాజయిన యువరాజుకి స్నేహితుడు. ముదురు నీలం ఉన్నికోటు, ఒంటికి అతుక్కున్నట్టుండే పొడుగు లాగు, మెడకి మల్లెపువ్వులాంటి తెల్లటి గుడ్డ – ఇంతే ఆయన వేషం. రంగు లేదు, జరీ లేదు. కాని మెడగుడ్డ ముడి కుదరడానికి గంటలు పట్టేదట! ఆడంబరం లేకుండా కనబడటానికి ఆయన పడిన పాటు అంతా ఇంతా కాదు.

ఆయన కథ సుఖాంతం కాదు. జూదంలో అప్పులపాలై 1816లో రాత్రికి రాత్రి ఫ్రాన్సుకి పారిపోయి, మతి చలించి, 1840లో అక్కడే ఆశ్రమంలో కన్నుమూశాడు. అయితేనేం, ఆయన పెట్టిన ఒరవడి ప్రపంచమంతా పాకింది. మగవాడు ఇలా రంగులూ నగలూ విడిచిపెట్టడానికి ఫ్లూగెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1930లో "పురుషుల మహా పరిత్యాగం" అన్న అర్థమొచ్చే పేరు పెట్టాడు. దర్జాకి గుర్తు మెరుపు పోయి, కోత వచ్చింది. ఎవరి కోటు భుజంమీద ముడత లేకుండా కూర్చుంటే వాడు పెద్దమనిషి.

అక్కడే దర్జీకి రాజయోగం పట్టింది. పట్టుగుడ్డని కత్తిరించి కుట్టడమే గాని దాన్ని సాగదియ్యలేం. ఉన్ని అలాకాదు. తడిపి, వేడి ఇస్త్రీ పెట్టి, ఒకచోట సాగదీసి, ఒకచోట కుదించి మనిషి ఒంటికి తగ్గట్టు మలచవచ్చు. ఇంగ్లండులో ఉన్నికి కొదవలేదు. లండను దర్జీలు ఈ విద్యలో ఆరితేరారు. 1846లో హెన్రీ పూల్ అనే దర్జీ తన దుకాణం వాకిలి సావిల్ రో అనే వీధివైపు తెరిచాడు. అప్పటినుంచి ఆ చిన్న వీధి దర్జీలకి కాశీ అయింది. ఆ వీధిలో తమకోసం ప్రత్యేకంగా కుట్టించుకునే దుస్తుల్ని "బిస్పోక్" అంటారు. ఫలానా తానుని ఫలానా ఆసామీ "నాది" అని చెప్పేసుకున్నాడు, ఇక ఎవరికీ అమ్మేది లేదు – అని దాని తాత్పర్యం.

కోటులో ఏముంది?

మా వీధి చివర ఒక దర్జీ వున్నాడు. అరవైయేళ్లు దాటాయి. ఆయనకి సావిల్ రో పేరు తెలియదు కాని, అక్కడివాళ్లు చేసే పనే తానూ చేస్తాడు. నేనొకరోజు వెళ్లి, "కోటు కుట్టడంలో అంత కష్టమేముంది, అన్నా?" అన్నాను. ఆయన కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"మాస్టారూ, మీ కుడి భుజం ఎడమదానికంటె అరంగుళం దిగి వుంది. ఎన్నాళ్లనుంచి బోర్డుమీద రాస్తున్నారేమిటి?"

నేను తెల్లబోయాను. ఇరవైయేళ్లుగా నా భుజాలు నా వెంటే వున్నా నాకీ సంగతి తెలియదు.

"ఏ మనిషికీ రెండు భుజాలు సమానంగా వుండవండీ. చొక్కాలో అది దాగుతుంది. కోటులో దాగదు. దాచాలి. అదే పని" అన్నాడాయన.

అప్పుడు పాత కోటు ఒకటి విప్పి లోపలి సంగతులు చూపించాడు. పైగుడ్డకీ అస్తరుకీ మధ్య గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాసు గుడ్డ వుంటుంది. దాన్ని పైగుడ్డకి వందలకొద్దీ చిన్న చిన్న చేతికుట్లతో అతకాలి. ఆ కుట్లు పైకి కనబడకూడదు. ఛాతీమీద మడిచిన కాలరు పళ్లెంలా చదునుగా పడుకోకుండా, ఆకులా ఒంపు తిరగడానికి ఈ కుట్లే కారణం. ముందు తెల్లదారంతో కచ్చాకుట్టు వేసి, ఆసామీకి తొడిగి చూసి, సుద్దతో గీతలు గీసి, మళ్లీ ఊడదీసి కుట్టాలి. అన్నిటికంటె కష్టం చెయ్యి అతకడం. చంకగుంట చుట్టుకొలతకంటె చేతిగుడ్డ చుట్టుకొలత ఎక్కువ. ఆ ఎక్కువ గుడ్డని కుచ్చు కనబడకుండా లోపలికి మింగించాలి. సావిల్ రోలో ఒక సూటుకి చేతిపని కనీసం 50 గంటలంటారు. మా దర్జీ లెక్కా ఇంచుమించు అంతే.

కోటుకి వెనక చీలిక ఎందుకు? గుర్రమెక్కితే అంచులు రెండువైపులా పడటానికి. గుర్రాలు పోయాయి, చీలిక వుండిపోయింది. వెస్టు అడుగు బొత్తాం పెట్టుకోకుండా వదిలెయ్యడం ఏడవ ఎడ్వర్డు పొట్టమూలంగా వచ్చిన ఆచారమంటారు. దొరగారికి బొత్తాం పట్టక వదిలేస్తే, చుట్టూవున్నవాళ్లు అదే నాగరికత అనుకున్నారట!

మిషను మహిమ

చేతికుట్టు కాలం ఎంతోకాలం సాగలేదు. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో కుట్టుమిషనుకి హక్కుపత్రం సంపాదించాడు. పారిసులో ఎనభై మిషన్లు పెట్టి సైనికుల దుస్తులు కుట్టించసాగాడు. మరుసటేడు దర్జీలు గుంపుగా వచ్చి వాటిని ముక్కలు ముక్కలు చేశారు. తమ పొట్టమీద కొట్టే యంత్రమని వాళ్ల భయం. తిమోనియే బీదరికంలోనే పోయాడు. కాని మిషనుని ఎవరాపగలరు? 1846లో అమెరికాలో హోవే, 1851లో సింగరు హక్కులు పొందారు. అమెరికా అంతర్యుద్ధంలో లక్షల సైనికులకి దుస్తులు కావలసివచ్చి కొలతలు తీస్తే, ఫలానా ఛాతీకి ఫలానా నడుం అని లెక్క కుదిరింది. దాంతో రెడీమేడు సైజులు బయల్దేరాయి.

దర్జీల భయం వట్టిది కాదని తర్వాత కథ చెబుతుంది. ధర తగ్గాలంటే కూలి తగ్గాలి. లండనులో చీకటి గదుల్లో దీపం ముందు కళ్లుపోగొట్టుకుని చొక్కాలు కుట్టే ఆడదాని బతుకుమీద థామస్ హుడ్ 1843లో రాసిన పద్యం ఆ దేశాన్ని కుదిపేసింది. 1850లో చార్లెస్ కింగ్‌స్లీ చవక బట్టల వెనక దర్జీల చావుబతుకులగురించి కరపత్రం వేసి, ఒక దర్జీనే కథానాయకుణ్ణి చేసి నవల కూడా రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో లిథువేనియానుంచి వలసవచ్చిన యూదు కుర్రవాడొకడు మాంటేగ్ బర్టన్ అనే పేరు పెట్టుకుని, లీడ్సు నగరంలో పదివేలమంది పనిచేసే ఫ్యాక్టరీ నడిపాడు. గని కూలివాడు కూడా ఆదివారంనాడు సూటు వేసుకోగలిగాడు. 1945లో యుద్ధం ముగిసి ఇంటికి మళ్లిన ప్రతి బ్రిటిషు సైనికుడికీ సర్కారు ఒక సూటిచ్చి పంపింది. ఇది మిషను చేసిన మేలు, కాదనలేం.

కాని కీడు కూడా సమసిపోలేదు. 2013 ఏప్రిలు 24న బంగ్లాదేశులో రాణా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది విదేశాలకి బట్టలు కుట్టే ఆడకూలీలు. కింగ్‌స్లీ కరపత్రానికి నూట అరవైమూడేళ్ల తర్వాతి మాట ఇది.

మన మాటల్లో దర్జీ

మనకి దొరలొచ్చేదాకా కుట్టు తెలియదనేవాళ్లున్నారు. అమరకోశం విప్పితే "తున్నవాయుడు", "సౌచికుడు" అనే పేర్లు కనబడతాయి. రెండూ కుట్టేవాడికే. సంస్కృత కూర్పాసమే మన కుప్పసమయింది. తెలంగాణలో మేరవాళ్లు తరతరాలుగా కుట్టుపనివాళ్లు. అయితే ఈ వృత్తిమీద ఎన్ని దేశాల గాలి వీచిందో మాటలే చెబుతాయి. "దర్జీ" పారశీకం. "దర్జ్" అంటే కుట్టు అతుకు. "జేబు" అరబ్బీ. "బొత్తాం" పోర్చుగీసు. "ఇస్త్రీ" కూడా ఆ ఓడలోనే దిగింది. నాకు అన్నిటికంటె ముచ్చటైన మాట "కాజా". పోర్చుగీసులో "కాసా" అంటే ఇల్లు. బొత్తానికి ఇల్లన్నమాట! ఇంగ్లీషు "టైలర్" ఫ్రెంచిలో కోయడమనే మాటనుంచి వచ్చింది. పడమటివాడు కత్తెరనుబట్టి పేరు పెడితే, తూర్పువాడు సూదినిబట్టి పెట్టాడు.

సూటు మన దేశానికొచ్చినప్పుడు మనవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు మింగలేదు. వీరేశలింగంగారి పటం, గురజాడవారి పటం చూడండి. పైన కోటు, నెత్తిన తలపాగా. ఆ తరం పెద్దలు కోటు ఒప్పుకున్నా పంచె విడవలేదు. ఆఫీసుకి సగం, ఇంటికి సగం! సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1936లో ఆక్స్‌ఫర్డులో ఆచార్యులైనా, తర్వాత రాష్ట్రపతి అయినా, తలపాగా, పొడుగుకోటు, పంచెతోనే మన కళ్లలో నిలిచారు. హైదరాబాదులో ఐరోపా ఫ్రాకుకోటూ, పాత అంగరఖా కలిసి షేర్వానీగా వెలిసి, హిందూ ముసల్మాను భేదం లేకుండా పెద్దమనుషుల దుస్తులైంది. ఇక నిలువునా దొరవేషం వేయబోయి మనల్ని నవ్వించినవాడు మొక్కపాటివారి బారిస్టర్ పార్వతీశం. దొరసానుల టోపీ నెత్తిన పెట్టుకుని ఓడెక్కిన ఆ మొగల్తూరు కుర్రవాణ్ణి తెలుగువాడెవడు మరచిపోగలడు?

విప్పినవారు, తొడిగినవారు

నిజంగా బారిస్టరు చదవడానికి 1888లో లండను వెళ్లిన పద్దెనిమిదేళ్ల గుజరాతీ కుర్రవాడొకడు బొంబాయి సూట్లు పనికిరావని, బాండు వీధిలో పది పౌన్లు పోసి సాయంకాలపు సూటు కుట్టించుకున్నాడు. పంతొమ్మిది షిల్లింగులకి టోపీ కొన్నాడు. రోజూ అద్దం ముందు పది నిమిషాలు టై కట్టుకునేవాడు. ఈ లెక్కలన్నీ ఆయనే ఆత్మకథలో దాచకుండా చెప్పాడు. ముప్ఫైమూడేళ్ల తర్వాత, 1921 సెప్టెంబరు 22న మధురలో, ఆ మనిషే చొక్కా కూడా విడిచి కొల్లాయి గుడ్డ కట్టాడు. 1931లో ఆ గుడ్డతోనే చక్రవర్తి విందుకి వెళ్లాడు. విశేషమేమంటే, యంత్రాలంటే పడని గాంధీగారు కుట్టుమిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ప్రపంచంలో కనిపెట్టిన ఉపయోగకరమైన కొద్ది వస్తువుల్లో అదొకటని 1924లో చెప్పారు.

గాంధీగారు విప్పిన సూటుని అంబేద్కరుగారు తొడుక్కున్నారు. దీన్ని కొందరు దొరలని అనుకరించడమన్నారు. వాళ్లు ఒక సంగతి మరిచారు. కట్టుకోడానికి వుండి విడిచిపెట్టడం త్యాగం. కాని ఎవరు ఏ గుడ్డ కట్టాలో, ఎంతవరకు కట్టాలో, చెప్పులు వేసుకోవచ్చో లేదో ఊరే నిర్ణయించి, కాదంటే కొట్టిన జనానికి విడిచిపెట్టడానికేముంది? 1927లో మహాడులో అంబేద్కరుగారు తమ ఆడవాళ్లతో, చీర కట్టే తీరు మార్చుకోండని ప్రత్యేకంగా చెప్పారు. కట్టు చూసి కులం చెప్పే వీలుండకూడదని ఆయన పట్టుదల. ఆయన నీలం సూటు ఆ మాటకి నిలువెత్తు నిదర్శనం. ఈనాడు మన పల్లెల్లో కూడలి కూడలికీ ఆ సూటు వుంది. 2023 ఏప్రిలు 14న హైదరాబాదులో 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించారు. 2024 జనవరి 19న విజయవాడలో 81 అడుగుల పీఠంమీద మరో 125 అడుగుల విగ్రహం లేచింది. కోటు మడతలు కంచులో పోతపోశారు. రెండవ చార్లెసుగాని, బ్రమ్మెల్‌గాని తమ కోటుకి ఇంత గౌరవం కలుగుతుందని కలగనివుండరు.

మా దర్జీ ఒక సంగతి చెప్పాడు. కొన్నేళ్లకిందట కూలిపని చేసుకునే ఒక పెద్దాయన, కొత్తగా సర్కారు ఉద్యోగం వచ్చిన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడట. "అంబేద్కరుగారి కోటులాంటిది కుట్టు. పైజేబు కలం పట్టేటంత లోతుండాలి" అన్నాడట. మూడుసార్లు తొడిగి చూసుకునేదాకా ఒప్పుకోలేదట. "నా నలభైయేళ్ల పనిలో అంత శ్రద్ధగా అద్దంలో చూసినవాళ్లు లేరు మాస్టారూ. చూసింది కొడుకు కాదు, తండ్రి" అన్నాడు మా దర్జీ.

మిగిలిందెంత?

ఇప్పుడు కోటుకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. రెడీమేడు కోటులో కాన్వాసుకి బదులు జిగురు గుడ్డ పెట్టి వేడి ఇస్త్రీతో అంటిస్తారు. గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. కొన్నాళ్లకి అది బుడగలు లేస్తే ఇంకొకటి కొనాలి. మా దర్జీ కొడుకు పెద్ద బట్టల దుకాణంలో జీతానికి ప్యాంట్ల పొడుగు తగ్గిస్తున్నాడు. తండ్రికి వచ్చిన విద్య అతనికి రాదు, నేర్చుకునే అవసరమూ కనబడలేదు. తప్పుపట్టలేం. నెల తిరిగేసరికి జీతం వస్తుంది.

చవక కోటు వద్దని నేను మా విద్యార్థులకి చెప్పలేను. ఉద్యోగం రాని కుర్రవాణ్ణి 50 గంటల చేతిపనికి డబ్బు పొయ్యమనడం అన్యాయం. కాని పెళ్లికో, మొదటి ఉద్యోగానికో జీవితంలో ఒక్కసారి కోటు కుట్టించుకోగలవాళ్లు మన మధ్య లేకపోలేదు. అద్దెకి పోసే డబ్బుకి ఇంకొంత చేర్చి, మీ వీధి దర్జీ దగ్గరికి వెళ్లి చూడండి. కోటు కుట్టడం వచ్చినవాడెవడైనా ఇంకా వున్నాడేమో కనుక్కోండి. పండక్కి రెండు నెలల ముందే వెళ్లండి. తొందరపెట్టకండి. కచ్చాకుట్టు వేసి పిలిచినప్పుడు విసుక్కోకుండా వెళ్లి నిలబడండి.

వెళ్తే ఇంకో లాభం వుంది. మా దర్జీ కుట్టిన ప్రతి కోటులోనూ వెనక నడిమి అతుకు లోపల అంగుళమున్నర గుడ్డ అదనంగా మడిచిపెడతాడు. రెడీమేడులో అంత వదలరు. అదెందుకని అడిగాను.

"మనిషి ఒళ్లు చేస్తాడు కదండీ. పదేళ్ల తర్వాత వస్తే విప్పి వదులు చేసిస్తాను. నేను లేకపోయినా, కుట్టు తెలిసినవాడెవడు విప్పినా వాడికి తెలుస్తుంది, లోపల గుడ్డ వుందని."